గుడ్డపటంలో జమ్మిదిన్నె

మొన్న నంద్యాలలో పళ్ళ డాక్టరు దగ్గర పని ముగించుకొని, రెండు రోజులు కారం ముట్టొద్దని ఆయన చెప్పిన మాట బస్టాండు చేరేలోపలే మరిచిపోయి, నాలుగు మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. పొట్లం విప్పి మొదటిది నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. ఆ కాగితం రాష్ట్రపటం. జిల్లాకొక రంగు, నదులకు నీలం, ఊళ్ళకు చుక్కలు. పోటీ పరీక్షలకు చదివిన వాళ్ళెవరో పని తీరాక తూకానికి అమ్మేసిన పుస్తకంలోది కాబోలు, పెన్న పొడుగునా పెన్సిలు గీత కూడా అలాగే ఉంది. నూనె పీల్చుకొని అనంతపురం నుంచి ఒంగోలు దాకా అద్దంలా మెరుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. పటాన్ని తీసుకొచ్చి పొట్లాలు కడతావా, ఇందులో ఎన్ని నదులు పారుతున్నాయో తెలుసా నీకు అని బండివాణ్ణి నిలదీశాను.

"ఏర్లు యాడికీ పోవులే పెద్దాయనా, బజ్జీలు సల్లారిపోతాండాయి, తిను ముందు" అన్నాడు వాడు, పక్కవాడికి కన్ను గీటుతూ.

బజ్జీలు బండి మీదే పెట్టి, కాగితం మాత్రం మడిచి జేబులో వేసుకున్నాను. చొక్కాకు నూనె మరక పట్టిందని ఇంట్లో చీవాట్లు తిన్నాను. తినాల్సిందే. కానీ నేను చదువుకున్నది బడిలో కాదు, పటంలో. ఆ సంగతి తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు గనుక మీతో చెప్పుకుంటున్నాను.

మూడో తరగతి సగంలో బడి నన్ను వదిలిపెట్టింది. నేను బడిని వదిలానని పంతులు ఊరంతా చెప్పుకున్నాడు గానీ, పలక పగిలిందని వారం రోజులు ఎండలో నిలబెట్టిన మనిషి ఆ మాట అనడానికి అర్హుడు కాడని ఈనాటికీ నా వాదన. ఆ తరువాత ఆళ్లగడ్డలో మా మేనమామ కొట్టంలో చేరాను. దేవుళ్ళ విగ్రహాలు చెక్కడం మామ పని, చెక్కినదాన్ని నునుపు పెట్టడం నా పని. ఆ కొట్టంలో తడిక గోడకు ఒక పెద్ద పటం వేలాడుతుండేది. రాష్ట్రమంతా ఒక్కటిగా ఉన్న రోజుల్లో, అప్పటికే చాలా ఏళ్ళ కింద అచ్చయినది. వెనక బట్ట అతికించి ఉండేది గనుక మేమంతా గుడ్డపటం అనేవాళ్ళం. జిల్లాలు, తాలూకాలు, పల్లెలు, వాగులు, వంకలు, చీమ తలకాయంత అక్షరాలలో అన్నీ ఉండేవి. లోకానికి అ అంటే అమ్మ అయితే నాకు అనంతపురం, ఆ అంటే ఆదోని. ఒత్తు పలకడం గుత్తి దగ్గర నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఏ ఊరి పేరైనా తడుముకోకుండా చదివేవాణ్ణి.

అసలు ఆ పటం మా కొట్టంలోకి ఎందుకొచ్చిందంటే, కొబ్బరికాయల కోసం. మామకొక నియమం ఉండేది. విగ్రహాన్ని లారీలో పంపేటప్పుడు దారిలో ఏ నది అడ్డం వచ్చినా బండి ఆపి, ఒక కాయ కొట్టి, నీళ్ళు స్వామి పాదాల మీద చల్లి, అప్పుడే దాటాలి. అందుకని ఎన్ని కాయలు కట్టాలో ముందుగానే తేల్చుకోవాలి. కొలిమిగుండ్లకైతే కుందేరు ఒక్కటే, ఒక్క కాయ చాలు. గోదావరి అవతలికైతే బుట్ట కావాలి. ఆ లెక్క చూసే పని నా చేతికి వచ్చాక నా ఆనందం ఏమని చెప్పేది! పటం మీద వేలు పెట్టి నదిని పట్టుకొని పోతుంటే నా కాలి కింద తడి తగిలినట్టుండేది. మన నంద్యాలను ఒరుసుకొని పోయే కుందేరు కడప జిల్లాలో పెన్నలో కలుస్తుందని, ఆ పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడుతుందని నా అంతట నేను కనిపెట్టిన రోజు, అన్నం తినకుండా వీధంతా తిరిగి కనబడిన వాళ్ళకల్లా చెప్పాను. అది బడికి పోయిన ప్రతివాడికీ తెలిసిన సంగతేనని నవ్వారు. నవ్వనీ. వాళ్ళకు ఎవరో చెప్తే తెలిసింది, నేను చూసుకొని తెలుసుకున్నాను.

ఇక అసలు సంగతి. కృష్ణానది అవతల, కొల్లాపురం దగ్గరి ఒక పల్లెకు మూడున్నర అడుగుల ఆంజనేయస్వామిని చెక్కాం. ప్రతిష్ఠ నాడు తెల్లవారుజామున శిల్పి చేత్తో విగ్రహానికి కంటిపాప గీయించాలి, కన్ను తెరవడం అంటారు. నడుం నొప్పితో లేవలేని మామ, ఆ కన్ను తెరిచే ఉలిని మొదటిసారి నా చేతికిచ్చి నన్ను పొమ్మన్నాడు. ముహూర్తం దాటితే ఆ ఊరు ఆ విగ్రహాన్ని తీసుకోదు, మామ మాట పోతుంది, నా చేతికి మళ్ళీ ఉలి రాదు. అలాంటిది, స్వామి తోక దగ్గర చిన్న పెచ్చు లేచి, దాన్ని సవరించేసరికి బయలుదేరవలసిన రోజు కాస్తా గడిచిపోయింది. ఎప్పుడూ పోయే కర్నూలు దారిన చుట్టి పోతే అందుకోలేం. విగ్రహమున్న లారీని ఎద్దులబండి నడకలోనే తోలాలి మరి.

నేను గోడ మీది పటం దించి నేల మీద పరిచాను. ఆత్మకూరు, కొత్తపల్లె, అక్కడి నుంచి వెంట్రుక లాంటి దారి ఒకటి కృష్ణ ఒడ్డుకు, నీలిగీత అవతల మళ్ళీ అలాంటి దారే కొల్లాపురానికి. సగానికి సగం దూరం తగ్గింది. భవనాశికొకటి, కృష్ణకొకటి, రెండే కాయలు. మా లారీ నడిపే నంద్యాల సాయబు నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. నదుల దగ్గర కాయ కొట్టే విషయంలో మా మామ కంటే ఆయనే పట్టుదలగా ఉండేవాడు. ఆ దారిలో తానెప్పుడూ పోలేదని, వంతెన ఉందో లేదోనని ఒకటికి రెండుసార్లు అన్నాడు. గీత గీతను దాటిందంటే వంతెన లేకుండా ఎట్లుంటుందని నేను గదమాయించి, పటం మడిచి చంకన పెట్టుకొని లారీ ఎక్కాను.

మధ్యాహ్నానికి కొత్తపల్లె దాటి ఒడ్డు చేరాం. దారి నేరుగా నీళ్ళలోకి దిగి మాయమైంది. వంతెన మాట దేవుడెరుగు, అవతలి ఒడ్డే సరిగా ఆనడం లేదు. శ్రీశైలం ఆనకట్ట కట్టక ముందు గీసిన పటం అది. అందులో దారప్పోగంత ఉన్న కృష్ణ కళ్ళ ముందు సముద్రమై పరుచుకొని ఉంది.

సాయబు లారీ దిగి, నడుముకు చేతులు పెట్టుకొని ఆ నీళ్ళను చాలాసేపు చూశాడు. "కాయ కొట్టప్పా. లారీ ఈత కొడ్తాదేమో చూస్తాం" అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఒడ్డున మేకలను, ఎరువు మూటలను దాటించే పెద్ద చెక్కపడవ ఒకటి ఉంటే, దాని యజమాని దగ్గరికి పరుగెత్తాను. అరవై దాటిన మనిషి, వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "రాయిని పడవలో ఏసుకుంటే రాయే గెలుస్తాది. పో నాయనా" అన్నాడు. నేను కదలకుండా పటం ఆయన ముందు పరిచి, మేం పోవలసిన ఊరు ఇదిగో, ఇంతే దూరం అని బతిమాలసాగాను. ఆయన వల పక్కన పెట్టాడు.

"అండ్లో ఊర్లన్నీ ఉంటాయా?"

ఉంటాయన్నాను.

"జమ్మిదిన్నె ఉందేమో చూడు."

కృష్ణ ఒడ్డు వెంబడి వేలు పెట్టుకొని పోయాను. నీలిగీతకు గోరు వెడల్పు దూరంలో, చుక్క పక్కన ఉంది. చదివాను. ఆయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. అప్పుడాయన లేచి గుడిసెల వైపు తిరిగి, "రాండప్పా, మనూరు ఈడుంది" అని కేక పెట్టాడు. ఆనకట్ట నీళ్ళకు ఊళ్ళు మునిగితే కొంపాగోడూ మోసుకొని ఒడ్డెక్కినవాళ్ళు వాళ్ళంతా. ఆడా మగా వచ్చి నా చుట్టూ గుమిగూడారు. మాది చూడు, మా అమ్మగారిది చూడు, మా కోడలిది చూడు అని ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతుంటే, నేను వెతికి చదువుతున్నాను. చదివిన ప్రతి పేరుకూ ఎవరో ఒకరు ఊఁ అంటున్నారు, హాజరు పలికినట్టు. ఒక ముసలామె తన ఊరి చుక్క మీద వేలు పెట్టి తీయనే లేదు. బడిలో ఇంతమంది పెద్దవాళ్ళు నేను చదివేది వింటారని ఆ పంతులు కల కూడా కని ఉండడు. నా గొంతు దానంతట అదే పెరిగింది.

అడగకుండానే పదిమంది మోత దండెలు, మోకుతాళ్ళు తెచ్చి, గడ్డి పరిచి స్వామిని పడవలోకి దించారు. ఎంత ఇమ్మంటావని పడవ పెద్దాయనను అడిగాను.

"దుడ్లు ఎవరికి కావాల? ఆ కాగితం ఇయ్యి."

నాకు కోపం వచ్చింది. అది కాగితమా? నా బడి, నా పలక, నా పంతులు అన్నీ అదే. దాటాక చూద్దాంలే అన్నాను. అవతలి ఒడ్డున దిగి ఏదో ఒక మాట చెప్పి తప్పించుకోవచ్చనే అనుకున్నాను, మీ దగ్గర దాచడమెందుకు. సాయబును లారీ దగ్గర ఉంచి పడవెక్కాను. నీళ్ళు పడవ అంచుకు జానెడు కింద ఉన్నాయి. ఒడ్డు దూరమైంది. నది దాటుతున్నాం కదా అని కొబ్బరికాయ చేతిలోకి తీసుకొని లేచాను.

"కూర్చో నాయనా. ఏరు ఇంకా ముందుంది" అన్నాడు పెద్దాయన, తెడ్డు ఆపకుండానే. "ఇది ఊరు."

నేను కూర్చున్నాను. ఆయన మెల్లగా తెడ్డు వేస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఇక్కడ చావడి, ఇక్కడ మా మామగారి గడ్డివాము, ఇక్కడ మా చిన్నమ్మ ఇల్లు, ఇది పడమటి చేను, ఇక్కడ దారి దిగుతుంది, బండ్లు ఇక్కడే ఇరుక్కునేవి. ఎటు చూసినా ఒకే నీలం, కానీ ఆయన తలను గోడలకు, చెట్లకు తప్పించుకుంటున్నవాడిలా అటూ ఇటూ తిప్పుతున్నాడు. చాలాసేపటికి తెడ్డు ఆపి, "ఆఁ, ఇంగ కొట్టు. ఇదీ కృష్ణమ్మ" అన్నాడు. కాయ కొట్టాను. ఆ నీళ్ళు స్వామి పాదాల మీద చల్లాను.

అవతలి ఒడ్డున దిగగానే, ఆయన అడగకముందే పటం మడిచి ఆయన చేతుల్లో పెట్టాను. ఆ పూట దొరికిన ఎద్దులబండి మీదికి ఒడ్డునున్నవాళ్ళు స్వామిని ఎక్కిస్తే, పల్లె చేరాం. తెల్లవారుజామున, అనుకున్న ముహూర్తానికే, స్వామికి నా చేత్తో కన్ను తెరిచాను.

ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక మామ ఖాళీ గోడను చూపించి పటం యాడ అని అడిగాడు. జరిగింది చెప్పాను. "మంచి పని చేసినావులే అల్లుడా. ఇంగ దారిలో నోరు పెట్టి అడుక్కుంటా పో. నీ పటం పొగరుకు అదే మందు" అన్నాడు. ఆ తరువాత ఎన్నో పటాలు కొన్నాను. కొత్తవి, నిగనిగలాడేవి, ఇప్పటి నంద్యాల జిల్లా పటం కూడా. అన్నిటిలోనూ అక్కడ ఒకటే నీలం. ఇప్పుడా నీలం నడుమ చుక్కల గీత గీసి రెండు రాష్ట్రాలంటున్నారు. నీళ్ళలో ఎవరి వాటా ఎంతని పేపర్ల నిండా కొట్లాడుతున్నారు గానీ, ఆ నీళ్ళ కింద ఎవరుండేవారని అడిగినవాడు ఒక్కడూ నాకు కనబడలేదు.

పోయిన ఏడాది ఉండబట్టలేక బస్సెక్కి ఆ ఒడ్డుకు పోయాను. పెద్దాయన ఎన్నడో పోయాడట, గుడ్డపటం సంగతి తెలిసినవాళ్ళు లేరు. ఇప్పుడు పడవకు ఇంజను ఉంది. నడిపే కుర్రవాడు మర్యాదస్థుడు, చెయ్యి పట్టి ఎక్కించాడు. నీళ్ళ మధ్యకు వచ్చాక, ఇందులో అసలు ఏరు ఎక్కడ నాయనా అని అడిగాను. వాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యి తిప్పి, "ఇదంతా ఏరే కద తాతా" అన్నాడు. కాదని చెప్పబోయాను. ఊరు ఎక్కడ ఆగిందో, ఏరు ఎక్కడ మొదలైందో నాకు గుర్తులేదు, చూపించడానికి నా చేతిలో పటమూ లేదు.