సువార్త ముట్టుకుంటే ఆగిపోయే డిస్కు

అది 2023 వేసవి. కర్నూలు పాతబస్తీలో నాకో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే "మెకానిక్ లేడామ్మా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. నేనే మెకానిక్‌ని అంటాను. నమ్మినవాళ్లు కూర్చుంటారు, నమ్మనివాళ్లు పోతారు. పోయినవాళ్ల కోసం నేనెప్పుడూ బెంగపడలేదు.

ఒక మధ్యాహ్నం కోసిగి నుంచి సువార్త అనే అమ్మాయి వచ్చింది. అక్కడొక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. పంటల్లేని కాలంలో ఊరు ఊరంతా గుంటూరు వైపు మిరపకోతలకు కదిలిపోతుంది. వాళ్ల అమ్మానాన్నా అలాగే పోతారు. ఈ పిల్లను మాత్రం ఆ లారీ ఎక్కకుండా ఆపింది ఈ ఉద్యోగమే. తువ్వాలులో చుట్టి తెచ్చిన రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు నా బల్ల మీద పెట్టింది. కంప్యూటర్ బయట ఉండి, యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించుకునే డిస్కులివి. పెళ్లి వీడియోలు పెద్దవి కాబట్టి స్టూడియోల వాళ్లంతా వీటిలోనే దాచుకుంటారు.

"ఏమయితాదమ్మా వీటికి?"

"పని చేస్తా చేస్తా ఉన్నట్టుండి ఆగిపోతాయక్కా. కంప్యూటర్ టుంగ్‌మంటాది, డిస్కు కనపడకుండా పోతాది. కాపీ అయ్యేది సగంలో తెగిపోతాది. మా సార్ పెట్టుకుంటే ఏమీ కాదు. నేను ముట్టుకుంటేనే."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు.

"నగొద్దక్కా. నా చెయ్యి మంచిది కాదంట. మొన్న ఒక పెండ్లి వీడియోలో తాళి కట్టేది పోయింది. వాళ్లు గలాటకొస్తే మా సార్ నన్ను చూపిచ్చి, ఆ పాప చెయ్యి పడితే ఏదీ నిలవదు అన్నాడు. అప్పట్నించి ఫంక్షనోళ్లు కెమెరా కాడ కూడా నన్ను నిలబడనియ్యడంలేదు. నేను తప్పు చేసుంటే చెప్పు, ఒప్పుకుంటా. చెయ్యకపోతే మాత్రం పడను."

అలాంటి మాట పట్టుకుంటే మా వైపు అంత సులువుగా వదలదు. చెయ్యి మంచిది కాదంటే ఆ ఊళ్లో ఇంకో స్టూడియో ఆ పిల్లను పిలవదు. పిలవకపోతే మిరపకోతల లారీ ఉండనే ఉంది. ఆ సంగతి అర్థమయ్యాక నా నవ్వు నాకే అసహ్యమనిపించింది.

డిస్కులు రెండూ తగిలించి చూశాను. మొదట కేబుల్ మార్చాలి, ఎందుకంటే పది కేసుల్లో సగానికి పైగా పాపం కేబుల్‌దే. తర్వాత యూఎస్‌బీ పోర్టు, అంటే తగిలించే గాడి, మార్చి చూడాలి. ముందువైపు గాడిలో తగిలిస్తే కొన్నిసార్లు డిస్కుకు చాలినంత కరెంటు అందదు. ఆ తర్వాత డిస్కు ఆరోగ్యం చెప్పే టెస్టు. అన్నీ చేశాను. సాయంత్రం దాకా కాపీ నడిచింది, ఒక్కసారి ఆగితే ఒట్టు. సువార్త చేత కూడా పట్టించాను. ఏమీ కాలేదు. తెగిపోయిన ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే తాళి కట్టే ఘట్టం కూడా చెక్కుచెదరకుండా దొరికింది. అది చూసి ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది కానీ ముఖం మాత్రం తేటపడలేదు.

అంతలో స్టూడియో యజమాని శేషిరెడ్డి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, చూసినావా? కింద పడేసినాదని ఒక్క మాట చెప్పు, సాలు. పెండ్లోళ్లకు అదే చెప్పి పంపిస్తా. ఆ పాపను కూడా పంపిస్తా."

"పడలేదన్నా. పడుంటే లోపల గరగర సప్పుడొచ్చేది. వీటికి ఏ రోగమూ లేదు. రోగం మీ స్టూడియోలో ఉండాది."

"నా స్టూడియోలోనా? నువ్వు చూసినావా?"

"రేపు వచ్చి చూస్తా."

మామూలుగా నేను ఊరు దాటి పోను. ఆ రోజు మాత్రం కోపంతోనే బస్సెక్కానని చెప్పాలి.

స్టూడియో బాగానే ఉంది. వెనక ఎడిటింగ్ గది, నేలకు కడప బండలు. కంప్యూటర్ మీద అహోబిలం నరసింహస్వామి పటం, క్యాబినెట్‌కు ఆయుధపూజ నాటి కుంకుమ బొట్లు. శేషిరెడ్డి నా ముందే డిస్కు తగిలించాడు. చేత్తో పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. కాపీ జోరుగా సాగుతోంది.

"చూసినావా? నా చేతిలో రాయి మాదిరి ఉంటాది. ఇప్పుడు ఆ పాపను పట్టుకోమను."

సువార్త వచ్చి డిస్కు మీద వేలు పెట్టింది. టుంగ్. స్క్రీన్ మీద డిస్కు మాయమైంది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని, "చురుక్కుమన్నాదక్కా. ఎప్పుడూ అంతే. చెప్తే ఎవురూ నమ్మరు" అంది.

ఆ చురుక్కు మాట ముందే చెప్పి ఉంటే నాకు బస్సు చార్జీ మిగిలేది. కానీ చెప్పిన ప్రతిసారీ ఎవరూ నమ్మనప్పుడు మనిషి చెప్పడం మానేస్తుంది. నేను ఆ పిల్ల కాళ్ల వైపు చూశాను. చెప్పుల్లేవు. గది గుమ్మం బయట ఒకే ఒక్క జత ఉంది.

"చెప్పులేవమ్మా?"

"ఈ గదిలోకి చెప్పులతో రాగూడదని సార్ చెప్పినాడు. స్వామి పటం ఉండాది కదా. మేమూ చర్చిలో విప్పుతాము, నాకేం కష్టం అనిపియ్యలేదు. దుమ్ము లేయకుండా గంటకోసారి బండలు తడిబట్టతో తుడిసి కూర్చుంటా."

శేషిరెడ్డి కాళ్లకు మాత్రం దళసరి రబ్బరు చెప్పులున్నాయి. నియమం పెట్టినవాడికి నియమం ఉండదు కదా.

బ్యాగులోంచి టెస్టర్ తీసి క్యాబినెట్‌కు ఆనించాను. సన్నగా వెలిగింది. కంప్యూటర్ పవర్ సప్లైలోంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ డబ్బా మీదికి కారుతుంటుంది. ఎర్తింగ్ ఉంటే అది తీగ వెంట నేలలోకి దిగిపోతుంది. ఎర్తింగ్ లేకపోతే ఇనుప డబ్బా మీద, దానికి తగిలించిన డిస్కు మీద ఆగి, దిగడానికి దారి కోసం చూస్తుంటుంది. తడి బండ మీద వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి ముట్టుకుంటే దొరికిందే దారి. ఆ కుదుపుకు డిస్కు లింకు తెగిపోతుంది. రబ్బరు చెప్పులవాడికి ఏమీ తెలియదు.

పెరట్లోకి పోయి చూశాను. ఎర్త్ గుంత ఉంది, పైపూ ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి అప్పుడప్పుడూ నీళ్లు పోస్తూ ఉండాల్సిన గుంత అది. మట్టి ఎండి పైపు చుట్టూ వేలు దూరేంత నెర్రె విచ్చింది.

"నీళ్లు పోయలేదాన్నా?"

"బోరు ఎండిపోయి తాగేదానికే ట్యాంకర్ తెప్పిస్తాండాం. గుంతకు యాడనుంచి పోస్తామ్మా?"

ఆ మాట తప్పని నేననలేదు. నాకు కోపం వచ్చింది నీళ్ల మీద కాదు. లోపలికొచ్చి, "అన్నా, నువ్వు చెప్పులు విప్పి డిస్కు పట్టుకో" అన్నాను.

"నాతోనే విప్పిస్తావా?"

"నీ గది, నీ స్వామి, నీ నియమమే కదన్నా. షాక్ కొట్టి సచ్చేంత కరెంటు లేదులే. ఈ పాప దినామూ పట్టుకుంటాండాది."

అటూ ఇటూ చూశాడు. సువార్త తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది, పక్కకు జరగలేదు. చివరికి విప్పాడు. తడి బండ మీద కాలు పెట్టి డిస్కు పట్టుకున్నాడు. "అబ్బా!" అని చెయ్యి విదిలించాడు. టుంగ్.

అబద్ధమెందుకు, నాకు మాత్రం శానా సంతోషంగా ఉండింది.

గుంతలో ఉప్పూ బొగ్గూ నింపించి, ట్యాంకర్ నీళ్లే రెండు బిందెలు పోయించాను. తుప్పు పట్టిన తీగ కోసి కొత్తది బిగించాను. టెస్టర్ వెలగలేదు. సువార్త అదే తడి బండ మీద నిలబడి డిస్కును పిడికిట్లో పట్టుకుంటే కాపీ ఆగకుండా పోయింది.

"సరేలేమ్మా, అయిపోయింది కదా. పోయి పని చూసుకో" అన్నాడు శేషిరెడ్డి.

"అయిపోలేదు సార్. పెండ్లోళ్లకు ఫోన్ చెయ్యండి. స్పీకర్ పెట్టండి."

చేశాడు. వీడియో మొత్తం దొరికిందన్నాడు. మా కరెంటులో లోపముండె, బాగు చేయించినాం అన్నాడు. ఫోన్ పెట్టబోతుంటే సువార్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నా చెయ్యి సంగతి చెప్పలేదు సార్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ పాప చేతిలో ఏం తప్పు లేదప్పా. నేనే తెలీక అన్నా" అన్నాడు. అవతలివాళ్లు ఏమన్నారో నాకు గుర్తు లేదు. ఆ పిల్ల మాత్రం అప్పుడు చెయ్యి తీసింది.

ఇప్పుడెవరైనా "నేను ముట్టుకుంటేనే ఆగిపోతాది" అంటే నేను నవ్వను. నేల తడిగా ఉందా, కాళ్లకేమున్నాయి, ఎర్త్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయింది అని అడుగుతాను. ఆ మాట చెప్పేవాళ్లు సాకు చెప్పడం లేదు, ఉన్న జబ్బు లక్షణాన్ని ఉన్నట్టు చెబుతున్నారు. ఇంకొకరి చెయ్యి మంచిది కాదని చెప్పుకుంటూ వచ్చేవాళ్లు కూడా అప్పుడప్పుడూ తగులుతుంటారు. వాళ్ల డిస్కు ముట్టుకోకముందే చెప్పులు విప్పి నిలబడమంటాను.