కుండను తట్టిన కాకా

మా కాకా పోయాడని మొన్న శుక్రవారం జగిత్యాల నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. పొద్దున చాయ్ తాగి, అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయాడట. ఆయనకూ నాకూ రక్తసంబంధం లేదు. రియాద్‌లో ఒక మ్యూజియంలో సామాను ఎత్తే మా ఐదుగురికీ ఆయనే మేస్త్రి, ఆయనే వంటవాడు, ఆయనే కాకా.

పుట్టింది కుమ్మరి ఇంట్లో. స్టీలు బిందెలు వచ్చి కుండలు చేసే సారె మూలపడ్డాక గల్ఫ్ బాట పట్టాడు. సౌదీలోనే రాబిగ్ అనే ఊళ్లో పదేళ్లు పైపులు మోశాడు. మా మ్యూజియానికి వచ్చి, గ్రీసు దేశపు పాత రంగుల కుండలను చూశాక మాత్రం మనిషే మారిపోయాడు. రెండున్నర వేల ఏళ్ల నాటివవి. ఎర్రమట్టి మీద నల్లని గుర్రాలు, కుస్తీ పట్టే మనుషులు. మేము బొమ్మలు చూసేవాళ్లం. ఆయన మూతిలోంచి తొంగి, లోపల కుమ్మరి వేళ్ల గీతలు చూసేవాడు.

"ఏ దేశపోడైతేంది బిడ్డా, సారె ముంగట కూసున్నోడు మనోడే," అనేవాడు. గ్రీకువాడితో చుట్టరికం కలిపిన జగిత్యాల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆయనకో అలవాటుంది. మట్టిపాత్ర ఏది కనిపించినా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. లోపల పగులుంటే చప్పుడు మారుతుందట. మా గదిలో చాయ్ కప్పులకూ ఆ పరీక్ష తప్పేది కాదు. ఒకరోజు రెండు పిడుల పెద్ద కుండను వేరే హాలుకు మార్చాలి. ఎత్తే ముందు కాకా చేయి ఊరుకోలేదు. టక్‌మని తట్టాడు.

చప్పుడు విని ముదీర్ పరుగున వచ్చాడు. మేము ఆ దేశంలో ఉండేందుకు కావాల్సిన ఇకామా కార్డులన్నీ ఆ మేనేజర్ చేతిలోనే. "కౌన్ మారా?" అని అరిచాడు. ఒక్క క్షణం ఆగితే కాకాయే ఒప్పుకునేవాడు. నేను ఆగలేదు. నా వేలు ఆయన వైపు లేచింది. భయంతో చెప్పాను, అంతే.

ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తానన్నాడు ముదీర్.

"గల్తీ మేరా హై సాబ్. లేకిన్ అందర్ టూటా హై," అన్నాడు కాకా. తప్పు తనదే, కానీ కుండ లోపల విరిగి ఉందని.

కుండలు బాగుచేసే మేడం లైటు వేసి అరగంట వెతికింది. లోపల, ఎప్పుడో అతికించిన చోట జిగురు వదిలేసి ఉంది. ఎత్తి ఉంటే మా చేతుల్లోనే విడిపోయేది.

ఎగ్జిట్ తప్పింది. కానీ ఎత్తడానికి తప్ప ముట్టవద్దన్నదాన్ని తట్టినందుకు కాకాను కుండల హాలు నుంచి తీసి, ఖాళీ పెట్టెల గోడౌన్‌లో వేశారు. ఇంటికి వెళ్లేదాకా నాలుగేళ్లూ అక్కడే. మళ్లీ ఆ కుండల దగ్గరికి ఆయన్ని రానివ్వలేదు. ఆయనకు అవంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. తెలిసీ, క్షమించు కాకా అని ఒక్కసారి అనలేకపోయాను. ఇప్పుడు అనడానికి ఆయన లేడు.

కుండను తట్టిన ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్లలేదు. మెట్ల మీద కూర్చున్నాను. కాకాయే పళ్లెం పట్టుకుని వచ్చాడు. అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ.

"నువ్వు జెప్పబట్టే మేడం దాక వొయింది. లేకుంటె మనమే ఎత్తి పలగ్గొడుదుము. మంచిపనే జేసినవ్ రా," అన్నాడు.

అది నా కోసం అల్లిన మాటేనని ఇద్దరికీ తెలుసు. నేను తల ఎత్తలేదు. పళ్లెం నా ముందు మెట్టు మీద పెట్టి, జారిపోకుండా అంచు పట్టుకుని, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆయన అలాగే వంగి ఉన్నాడు.