మా ఇంటి నీళ్ళు పరీక్షకి వెళ్ళిన ఏడాది

అనకాపల్లిలో డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చుని, లోపల యంత్రం దగ్గరున్న నాన్న కోసం ఎదురుచూస్తుంటే, ఎదుటి గోడ మీద కొత్త పోస్టరు కనబడింది. నీళ్ళ గురించీ, ఎండలో పని గురించీ, కిడ్నీల గురించీ తేలిక తెలుగులో రాసిన ఆ పోస్టరు అడుగున, డిగ్రీ అయిన కొత్తలో నేను పనిచేసిన ఫౌండేషన్ ముద్ర ఉంది. మా ఈడు వాళ్ళకి మొదటి ఉద్యోగమంటే సరదా కబుర్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం ఇంటింటా అడిగి తెచ్చిన నీళ్ళ సీసాలు గుర్తొచ్చాయి.

మా ఊళ్ళో గానుగల దగ్గర బెల్లప్పాకం వండేవాళ్ళకీ, పొలం పనివాళ్ళకీ, షుగరూ బీపీ ఏమీ లేకుండానే కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి ఆ ఫౌండేషన్ పూనుకుంది. విశాఖలో ల్యాబుకీ, రక్తపరీక్షలకీ, తెలిసిన సంగతిని ఊరివాళ్ళకి విడమరిచి చెప్పే సభలకీ, మాలాంటి ఫీల్డు వర్కర్ల జీతాలకీ డబ్బు వాళ్ళదే, కాకపోతే ఏ ఏటికాయేడు ఫలితం చూసి ఇచ్చేవాళ్ళు. పాకం వండే చిన్నాన్న అప్పటికే ఆ జబ్బుతో పోయాడు. ఆయన పక్కనే పెనం దగ్గర నిలబడ్డ నాన్నకి కాళ్ళు వాచడం మొదలైంది. నలుగురిలో నోరు విప్పలేని నేను ఆ ఉద్యోగంలో చేరింది, నాన్న పరిస్థితి చేయి దాటిపోకముందే కారణం తెలుస్తుందన్న ఆశతో.

ఇంటింటికీ వెళ్ళి, రోజూ తాగే నీళ్ళు ఒక సీసాలో పోసిమ్మని అడిగేవాళ్ళం. ల్యాబులో అన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలింది. నీళ్ళలో దోషం లేదు కాబట్టి ఇక్కడ పని ముగించి వేరే జిల్లాకి వెళ్దామని ఫౌండేషన్ వాళ్ళన్నారట.

ఆ వారమే చివరి విడతలో మా ఇంటి వంతు వచ్చింది. అమ్మ సీసా తీసుకుని మేం రోజూ తాగే బోరు వైపు వెళ్ళకుండా, బజారు నుంచి తెప్పించిన మినరల్ వాటర్ క్యాను వంచి నింపుతుంటే, నేను సీసా వంకా క్యాను వంకా చూశాను.

"ఏటే అలా సూత్తావు? సదువుకున్నోలు గుమ్మంలోకి వత్తే ఆ ఉప్పు నీల్లు పోసిత్తామా? పరువుండొద్దా?" అంది అమ్మ.

పక్కింటి పిన్నిని అడిగితే నవ్వేసింది. "మేవూ క్యాను నీల్లే ఇచ్చేం. పాపం, ఎంత దూరం నుంచొచ్చేరో!"

చుట్టాలకి కొత్త గ్లాసు తీసినంత ప్రేమగా, మా ఊరు ఊరంతా పరిశోధనకి మర్యాద చేసింది. మర్నాడు సభలో నలుగురి ముందూ చెప్పలేక, మా బోరు నీళ్ళు గ్లాసుతో తెచ్చి, పరిశోధన నడిపే డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి, నా వంక చూశారు. అప్పుడు నెమ్మదిగా అంతా చెప్పాను. ఆవిడ అప్పటికప్పుడే ఫౌండేషన్ వాళ్ళకి ఫోను చేశారు.

ఫౌండేషన్ ఇంకొంత కాలం ఉండడానికి ఒప్పుకుంది. ఈసారి బోర్ల నుంచీ, పొలాల్లో కుండల నుంచీ మేమే పట్టుకున్నాం. నీళ్ళు బాగోలేవని తేలింది, కానీ రోగానికి కారణం నీళ్ళేనా, పొయ్యి సెగా, పురుగుమందా, అన్నీ కలిసా అన్నది తేలలేదు. తొందరపడి చెబితే తప్పు చెప్పినట్టవుతుందని డాక్టరమ్మ అనేవారు. ఆవిడ మాట నిజమే, కానీ నాన్న కిడ్నీలు ఆ నిజం తేలేదాకా ఆగలేదు. ఆయన్ని బస్సెక్కించి ఇక్కడికి తీసుకురావడానికి నేను ఆ పని మానేశాను.

పోయిన నెల ఫౌండేషన్ వాళ్ళు మళ్ళీ మా ఊరు వచ్చారు. ఎవరూ అడగకుండానే నాన్న మంచం మీంచి, రక్తం తీసే అమ్మాయి వైపు చేయి చాపాడు. "తీసుకో తల్లీ. నాకని కాదులే, ఎనకొచ్చే పిల్లలకైనా తెలవాలి గదా" అన్నాడు.

నేను తిరిగిన రోజుల్లో ఒక్క రక్తపు చుక్క కోసం మధ్యాహ్నం దాకా గుమ్మాల్లో నిలబడేదాన్ని. అమ్ముకుంటారని అనుమానించేవారు, తిట్టేవారు, మొహం మీదే తలుపు వేసేవారు. ఇప్పుడు వీధి వీధంతా చేతులు చాపుకుని కూర్చుంటోంది. ఆ తిట్లు పడ్డ రోజులే నయమనిపిస్తుంది, అప్పటికి మా వాళ్ళకి భయపడే ఓపికైనా మిగిలి ఉండేది.