మిరపకాయలు కోసిన చెయ్యి

నా చిన్నప్పుడు మిరపకోతలు మొదలైతే మా ఊళ్లో ఆడపిల్లలు బడి మానేసేవాళ్లు. నేను మాత్రం తెల్లవారకముందే అమ్మతో చేలో కాయలు కోసి, ఆ చేతులతోనే సంచి పట్టుకుని బడికి పరుగెత్తేదాన్ని. నేనలా బడికి పోవడం నాన్నకు నచ్చలేదు. "బళ్లోనుంచి ఒక్క మాటొచ్చిందా, ఇంక నువ్వు చేలోకే" అని చెప్పేశాడు.

ఆ రోజు సైన్సు మాష్టారు ల్యాబులో రాగి గిన్నె పెట్టారు. దాన్ని కెలోరీమీటరు అంటారట, నా కంటికి చెంబే. మరిగే నీళ్లలో కాగిన ఇనుప గుండును దారంతో ఎత్తి, గిన్నెలోని చన్నీళ్లలో దించారు. నీళ్లు ఎంత వేడెక్కాయో ముందు వేలితో చూసి చెప్పాలి, తర్వాతే థర్మామీటరు. అందరూ గోరువెచ్చన అన్నారు. నేను వేలు ముంచి, చురుక్కుమంటే లాక్కుని, "కాలిపోతున్నయి సార్" అన్నాను.

"ఏమే, నీకొక్కదానికే కాగినయ్యా ఏంది?" అంది పక్కనున్న పిల్ల. అందరూ నవ్వారు.

మాష్టారు థర్మామీటరు చూశారు. గోరువెచ్చనే. "నాతో పరాచికాలా? రేపు మీ నాన్నను తీసుకురా" అన్నారు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. చేతులు వెనక్కి దాచుకున్నాను.

"ఏంది దాస్తున్నావ్?" అని నా చెయ్యి లాగి చూశారు. మిరప మంటకు వేళ్లు కందిపోయి ఉన్నాయి. వదిలేసి, నన్ను పట్టుకున్న చేత్తోనే తన నుదుటి చెమట, కన్ను తుడుచుకున్నారు. అంతే, కన్ను ఎర్రబడి ధారగా నీళ్లు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పొద్దున కోతకు పోయావామ్మా?" అని మెల్లగా అడిగారు. తలూపాను.

"థర్మామీటరు అబద్ధం చెప్పలేదు, ఈ పిల్లా చెప్పలేదు. అడక్కుండా మాటన్నది నేనే" అని క్లాసుకు చెప్పారు. కానీ "రేపు మీ నాన్నను మాత్రం రమ్మను" అన్నారు.

మర్నాడు నాన్న తలపాగా తీసి బడి గుమ్మంలో నిలబడ్డాడు. మాష్టారు కుర్చీ వేసి, "చెయ్యి అంత మండుతున్నా మీ పిల్ల బడి మానలేదయ్యా" అన్నారు. నాన్న నా వేళ్లు తిప్పి చూశాడు.

మరుసటి తెల్లవారుజామున అమ్మ నన్ను లేపబోతే, "చానా పొద్దుంది, పండుకోనీయే" అన్నాడు నాన్న.

నా చదువు ఆ తర్వాత ఎంతో సాగలేదు, అది వేరే సంగతి. ఇప్పటికీ స్నానానికి కూర్చున్న మనవరాలు నీళ్లు కాలుతున్నాయని ఏడిస్తే, ఇంట్లోవాళ్లు బకెట్లో చెయ్యి పెట్టి చూస్తారు. నేను ముందు దాని అరచెయ్యి తిప్పి చూస్తాను.