కంప్యూటరు గది గుమ్మంలో కొబ్బరినూనె

మాస్టారి కంప్యూటరు మీద ఆడుకున్న పిల్లలందరూ ఎలా ఉన్నారు? గుంటూరులో ఉన్నవాళ్ల బీపీలు, హైదరాబాదులో ఉన్నవాళ్ల నడుంనొప్పులు తగ్గాయా? మీ చంటివాళ్ల జలుబులు, మీ అమ్మల మోకాళ్లు ఎలా ఉన్నాయి? అడగకపోతే నాకు స్థిమితం ఉండదు. పెదకాకానిలో మన టైపు మాస్టారు పోయిన నెల కన్నుమూశారు. తెలియనివాళ్లకు చెబుదామని రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు. తప్పులు మా అమ్మాయి దిద్దుతానంది.

టైపు నేర్చుకునేవాళ్లు తగ్గాక ఆయన ఒక కంప్యూటరు కొన్నారు. ఆదివారం మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి మిమ్మల్ని ఆడుకోనిచ్చేవారు. బంతి ఎగిరి ఇటుకలు పగలగొట్టే ఆట. మనిషికి పది నిమిషాలు. "ఓడితే ఓడావు, వేళ్లకి బెరుకు పోయిందా లేదా?" అనేవారు. షాకు కొడుతుందేమోనని నేను కిటికీ బయటే నిలబడేదాన్ని. "కొడితే ముందు నన్నే కొడుతుందిలే అమ్మా, నువ్వు నీడకు జరుగు" అని నవ్వేవారు.

ఒక వేసవిలో, ఆడుకుని వచ్చిన ప్రతిసారీ మా అమ్మాయి కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. మరో ఇద్దరు పిల్లలకూ అంతే. చూపు పోతుందని హడలిపోయాను. ఆదివారం గదిలోకి వెళ్లి మా అమ్మాయి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"మీ పెట్టె పిల్లల కళ్లు తినేస్తోంది మాస్టారూ" అని వీధంతా వినేలా అరిచాను.

"కూర్చోమ్మా, మంచినీళ్లు తాగు" అన్నారు. కూర్చోలేదు. నా అరుపు విని నలుగురు తల్లులు పిల్లల్ని మానిపించారు.

వారం ఇంట్లో ఉంచినా ఎరుపు తగ్గలేదు. పిల్ల రాలేదేమని ఆయనే సైకిలు మీద వచ్చారు. అప్పుడు అది నా పక్కన కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. మేం కూలికి ఇంటికి తెచ్చుకునే పని అది. చెయ్యెత్తి కళ్లు తుడుచుకుంది.

"ఆ చెయ్యి చూడమ్మా" అన్నారు మెల్లగా. "ఈ కారం మీటలకీ అంటుకుంది. తుడిచేస్తాలే."

ఆ ఘాటుకు అలవాటుపడ్డ చేతులు నావి. నాకు తట్టనేలేదు.

తర్వాతి ఆదివారం గది గుమ్మంలో కొబ్బరినూనె సీసా, సబ్బు, బకెట్టు వెలిశాయి. నూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగాకే ఎవరైనా లోపలికి వెళ్లాలి. అది కంప్యూటరుకు పాటించే మడి అనుకున్నారు మీరంతా. మీలో ఒకడు ఉద్యోగంలో చేరిన మొదటిరోజు చేతులకు నూనె రాసుకుని వెళ్లాడట. అది కంప్యూటరు కోసం కాదు నాయనలారా. మా ఇంటి కారం వదిలించడానికి.

మానిన నలుగురు పిల్లలూ మళ్లీ రాలేదు. "అసలు సంగతి చెప్పేయండి మాస్టారూ" అని ఒకసారి అన్నాను.

"చెబితే పిల్ల చేత మిరపకాయలు తీయించావని నిన్నంటారు. పెట్టెనే అననీ, దానికి నొప్పేముంది?" అన్నారు.

ఆయనకు ఉండదా నొప్పి? పిల్లల కళ్లు పాడుచేశాడన్న మాట ఊళ్లో ఆయన మీద ఉండిపోయింది. నేను ఇన్నేళ్లూ నోరు విప్పలేదు.

మొన్న ఆయన ఇంటావిడకు ఫోనులో అంతా చెప్పాను. "నలభయ్యో రోజు ప్రార్థనలకు ఇంటినిండా జనం ఉంటారు వదినా. ముందురోజు రా, ఇద్దరమే మాట్లాడుకుందాం" అంది ఆవిడ.

వద్దన్నాను. అరిచింది జనంలోనే కదా. వచ్చే శుక్రవారం, నలభయ్యో రోజునే, అందరూ ఉండగా వస్తానని చెప్పాను.