కాటా ఎక్కని బిడ్డ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. అబద్ధమేమీ కాదు. అంగన్‌వాడీ టీచరుగా చేరిన కొత్తలో నా నోటి దురుసు అందరికంటే ఎక్కువగా భరించింది మాత్రం ఒక చేపలమ్మే ముసలామె.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను గోపాలపట్నంలో పెరిగాను. సముద్రమంటే నాకు ఆదివారం రుషికొండ వెళ్ళి, కాళ్ళు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తినేసి ఇంటికి రావడం. చేపంటే గుమ్మంలో గంప దిగడం. ఆ గంప మోసే మనిషి తన ఇంట్లో ఏం వండుకుంటుందో నేనెప్పుడూ అడగలేదు. పెళ్ళయ్యాక రుషికొండ దాటి ఒక కాలనీకి కాపురానికి వచ్చాను. ఆ కాలనీ వెనకే జాలరిపల్లె. మా సెంటర్ అక్కడే.

ముసలామె ఇంట్లో కొడుకు, కోడలు, మనవడు. కొడుకు ఎవరిదో బోటు మీద కూలికి వేటకు వెళ్తాడు. కోడలి చేతులు చూస్తే, బిడ్డను కాదు, ముందు ఆ పిల్లనే ఎత్తుకుని అన్నం తినిపించాలనిపించేది. మనవడికి ఏడాది నిండినా కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేవాడు. జుట్టు రాగి రంగుకు తిరిగింది. ఏడిస్తే గొంతు బయటికి వచ్చేది కాదు. అలాంటి పిల్లల్ని ఉంచుకుని, పాలూ మందులూ పట్టి నిలబెట్టే వార్డు ఒకటి పెద్దాసుపత్రిలో ఉంది. వాణ్ణి అక్కడికి పంపాలంటే నేను చీటీ రాయాలి, చీటీ రాయాలంటే బరువు చూడాలి. ముసలామె చూడనివ్వదు.

మా సెంటర్‌లో పసిపిల్లల్ని తూచే కాటా దూలానికి కొక్కెంతో వేలాడుతుంది. దానికింద గుడ్డ జోలె. దాన్ని చూసిన మొదటిరోజే ఆమె మనవణ్ణి చంకలోకి లాక్కుంది.

"ఓలమ్మో! ఇది సేపల కాటా కాదేటి? దీనికి నా మనవణ్ణి ఏలాడదీత్తావా?"

"చేపలది కాదు మామ్మా, పిల్లలదే."

"ఎవులిదైతే ఏటి? కాటా ఎక్కిత్తే అమ్మీసినట్టే గదా. నా గుంటణ్ణి నాను అమ్ముతన్నానేటి?"

ఆ పల్లెలో బోటు ఒడ్డుకు చేరగానే ముందు ఇంటికూరకని రెండు చేతులకూ పట్టినన్ని చేపలు తీసి పక్కన పెడతారు. వాటిని తూచరు. మిగిలినవే కాటా ఎక్కుతాయి, ఎక్కాక ఇక అవి వాళ్ళవి కావు. కొత్త కోడలెవరైనా తెలియక ఇంటికూరను తూచబోతే చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. ఇంట్లో ఉండిపోవాల్సిన దాన్ని కాటా ఎక్కించకూడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అలాగే బతికిన మనిషి ఆమె. ఇదంతా సెంటర్‌లో నాకు సాయంగా ఉండే ఆయా తర్వాత చెప్పింది. అప్పటికి మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాడేమైనా అయితే అప్పుడేం చేస్తావు?" అనేశాను.

"నోటితో అలాటి మాట అనకు తల్లీ," అని ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత సెంటర్ వైపు రావడం మానేసింది. పిల్లాడి గుడ్లూ పాలపొట్లాలూ పట్టుకుని నేనే వాళ్ళింటికి తిరిగాను. వెళ్ళినప్పుడల్లా వాడు ఇంకాస్త చిక్కినట్టే కనిపించేవాడు. నాకు నిద్ర పట్టేది కాదు.

చివరికి ఒక ఉపాయం తట్టింది. గర్భిణుల్ని తూచడానికి సెంటర్‌లో నిలబడి ఎక్కే మిషను ఒకటుంది. వాళ్ళింటికెళ్ళి చెప్పాను.

"పిల్లాణ్ణి తూచను మామ్మా, నిన్నే తూస్తాను. ఒకసారి వాణ్ణి ఎత్తుకుని ఎక్కు. ఒకసారి దింపేసి ఎక్కు. వాడి కాలు కూడా దానికి తగలదు."

ఆమె మనవణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది. "అంటే కాటా ఎక్కినాది నానే గదా? గుంటడు కాదు గదా?"

"నువ్వే."

"అయితే సరే. ఈ ముసల్దాన్ని ఎవులు కొంతార్లే!" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

మర్నాడు సెంటర్‌కి వచ్చి రెండుసార్లూ ఎక్కింది. తీసివేత చేస్తే వచ్చిన అంకె చూసి మా ఆయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికప్పుడు చీటీ రాసి తల్లినీ బిడ్డనీ ఆసుపత్రికి పంపించాను. వాడు బతికాడు. తిరిగొచ్చాక ఒరిగిపోకుండా కూర్చున్నాడు. ఏడిస్తే వీధి చివరికి వినిపించేది. ఆ ఏడుపు విని అంత సంతోషపడటం నాకు అదే మొదలు.

అప్పటి నుంచి నెలనెలా ముసలామె మనవణ్ణి చంకనేసుకుని వచ్చి మిషనెక్కేది. వాడు పెరుగుతున్నాడు. పిల్లల బరువులు నమోదు చేసే నా ఫోన్లో వాడి పేరు పక్కన ఎర్రగా ఉన్నది పచ్చగా మారింది. మా సూపర్‌వైజరు మెచ్చుకుంది. ఇంతలో వేట ఆపే నెలలు వచ్చాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వరు. కొడుకు పెందుర్తి వైపు ఇళ్ళ పనులకు వెళ్ళాడు. పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. ఇంట్లో రేషను బియ్యం, గంజి, ఊరగాయ. ముసలామె ఎండుచేపల గంప ఎత్తుకుని కాలనీలు తిరిగేది.

ఒక నెల ఆమె మనవడితో మిషనెక్కినప్పుడు ముల్లు ఆగిన చోటు చూసి, ఇది నాకు తెలిసిన చోటేననిపించింది. "ఎప్పుడూ అక్కడే ఆగుతాది గదండీ," అంది ఆయా. నాకు కావలసింది తీసివేత ఒక్కటే కాబట్టి, ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి ఎంతున్నారో పట్టించుకోనే లేదు. పిల్లాడు నెలనెలా బరువెక్కుతుంటే ముల్లు అక్కడే ఎందుకు ఆగుతోంది? వాడికి వచ్చినంతా ఆమె ఒంట్లోంచి పోతోంది.

"మామ్మా, నువ్వు అన్నం తింటున్నావా?"

"తినకపోతే ఇంత గంపెత్తుకుని తిరగ్గలనేటి?"

వెంట వచ్చిన కోడలు నేల చూస్తూ మెల్లగా అంది: "అందరికీ ఎట్టీసి ఆకర్న తింతానంతాది టీచరమ్మా. కుండలో ఏటీ ఉండదు. తినేసినాననీసి సెంబుడు నీళ్ళు తాగీసి తొంగుంతాది."

"నోరు ముయ్యే," అంది అత్త. "పాలిచ్చీదానివి నువ్వు తినాల. నాకేటి?"

ఆ రోజు ఒక గుడ్డు ఆమె చేతిలో పెట్టాను. ఇంటికాడ తింటానని కొంగున కట్టుకుంది. సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందు నుంచి వస్తుంటే మనవడి మూతికి పచ్చసొన అంటుకుని ఉంది. ఏం చెయ్యను ఆ మనిషిని? తిట్టాను, బతిమాలాను. సూపర్‌వైజర్ని అడిగితే, "ముసలాళ్ళకి మన దగ్గర ఏమీ లేదమ్మా," అంది. నిజమే, లేదు. మా ఇంటి నుంచి అన్నం డబ్బా తీసుకెళ్ళి ఎదురుగా కూర్చుని తినమంటే, నాలుగు ముద్దలు తిని, మిగిలింది అరగదని కోడలి వైపు జరిపింది.

వేట మళ్ళీ మొదలైంది. బోట్లు వచ్చిన మొదటిరోజే ఆమె పచ్చిచేపల గంపతో మా గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులతో తీసి నా గిన్నెలో పోసింది.

"తూచవా మామ్మా?"

"నీకు కాటా ఏటి తల్లీ!"

ఆ వారంలోనే ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. ఒంట్లో ఏమైనా ఉంటే తట్టుకునేది. లేదు. పోయింది.

తర్వాతి నెల తూకం రోజున కోడలు వచ్చింది. పిల్లాడు ఆమె వేలు పట్టుకుని తప్పటడుగులు వేస్తున్నాడు. వాణ్ణి ఎత్తుకుని మిషనెక్కమన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నానెక్కను టీచరమ్మా. మాయత్త నెలనెలా ఎక్కినాది, ఎల్లిపోనాది. నానూ ఎల్లిపోతే ఈడికెవులున్నారు?"

కాటా వల్ల కాదే పిచ్చిదానా, తిండి లేక, అని గట్టిగా అరవాలనిపించింది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ ఖాళీ కుండ పక్కన అత్తతో కూర్చున్నది ఆమే, నేను కాదు కదా.

"వాణ్ణి ఇలా ఇవ్వు," అన్నాను. వాణ్ణి చంకన వేసుకుని నేనే ఎక్కాను. ముల్లు గిర్రున తిరిగి, ముసలామె వాణ్ణి ఎత్తుకుని ఎక్కితే ఎప్పుడూ ఆగే చోటు దాటేసి, ఎక్కడో దూరంగా ఆగింది. వాణ్ణి తల్లికిచ్చి, ఒక్కదాన్నే మళ్ళీ ఎక్కాను. అప్పుడు కూడా ముల్లు ఆ చోటు దాటే ఉంది.