మాట అందించే మామయ్య

ఆయన్ని అందరూ గుసగుస మామయ్య అనేవారు. వరసకు మేనల్లుళ్లు, మేనకోడళ్లే కాదు, కాయగూరలమ్మే ఆమె కూడా అలాగే పిలిచేది. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఎవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు.

నాటకాల హాల్లో తెర పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, నటులు మాట మరిచిపోతే అందించడం ఆయన పని. మీసాలు రాకముందు ఆ పీట ఎక్కినవాడు జుట్టు నెరిసేదాకా దిగలేదు. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే రెండు ముక్కలు చెప్పాడట. "కాగితం మీద లేని మాట నీ నోట రాకూడదు. నీ గొంతు మొదటి వరుసకు వినపడకూడదు. ఈ రెండూ కాక ఇంకేం చేసినా సర్దుకుంటాను." మామయ్య ఆ మాటల్ని మూటగట్టుకున్నాడు.

అయితే అసలు విద్య ఆ రెంటిలోనూ లేదు. నటుడు మరిచిపోయాక అందిస్తే అప్పటికే ఆలస్యం. మరవబోతున్నాడని ముందే పసిగట్టాలి. ఎవరైనా మాటకు ముందు ఊపిరి తీస్తారు కదా, ఆ ఊపిరిలోనే తెలిసిపోతుంది మాట ఉందో లేదో. అందుకని మామయ్య వాళ్లతోబాటే ప్రతి మాటకూ ముందు ముక్కుతో చిన్న ఊపిరి తీసేవాడు. అది అలవాటై ఇంటికీ వచ్చింది. ఎదుటివాళ్లు నోరు విప్పబోతుంటే ఈయన ఊపిరి పీల్చేవాడు.

"నేను తిట్టబోతున్నానని నాకంటే ముందు మీకే తెలిసిపోతోంది. ఇంక తిట్టి ఏం సుఖం?" అనేది అత్తయ్య.

అత్తయ్య నోరు ఊరికే ఉండేది కాదు. ఇద్దరి వాటా ఆవిడే మాట్లాడేది. మామయ్యకు సొంతమాట రాదనేది ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే. నాటకాల హాలు మూతపడి మంచాలు, సోఫాలు అమ్మే దుకాణమైనప్పుడు, చివరిరోజు అందరూ కలిసి ఆయన్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఊపిరి తీశాడు. చాలాసేపటికి పక్కవాడి వైపు వంగి, "ఎవరైనా అందివ్వండి" అన్నాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన హాస్యానికి అనలేదు.

ఆ తర్వాత కొంతకాలం ఇంట్లోనే ఉన్నాడు. అత్తయ్య కుక్కర్ కూతల మధ్య ఏ పత్రికో చదువుకుంటూ, పెదాలు కదుపుతూ.

ఆయన అక్క కూతురు గాయని. ఆమె కచేరీలు కంప్యూటర్‌లో కట్టిన లోకంలో జరిగేవి. తన ఇంటి వెనక గదిలో హెడ్‌సెట్ తగిలించుకుని నిలబడి ఈమె పాడుతుంటే, అక్కడెక్కడో చెరువు మధ్య వేసిన వేదిక మీద ఈమె బొమ్మ పాడేది. వినేవాళ్లూ బొమ్మలై వచ్చేవారు. ఒకరు నక్క, ఒకరు టీ కెటిల్, ఒకరు ఉత్త గొడుగు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, అక్కడ పక్కపక్కన నిలబడేవారు.

పాడేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య మాటామంతీ సాగడానికి ఏవేవో పనిముట్లుండేవి. వినేవాళ్లు రాసిన మెసేజ్‌లు బుడగల్లా పైకి లేచేవి. చప్పట్ల బటన్ నొక్కితే గాయని మణికట్టుకున్న పట్టీ జుమ్మనేది. చూడ్డానికి బాగానే ఉన్నా, బుడగలు చదవబోతే పాట మరిచిపోయేది. పట్టీ ఆగకుండా జుమ్మంటుంటే తాళం తప్పేది.

"చేతికి కందిరీగని కట్టుకుని పాడమంటే ఎలా?" అంది మొగుడితో.

ఆ వైర్లూ మిషన్లూ అన్నీ చూసేది అతనే. అత్తయ్య అతనికి తీగల అల్లుడని పేరు పెట్టింది. అతను గడ్డం గోక్కుని, "నీకు మిషన్ కాదు, మనిషి కావాలి. వచ్చినవి చదివి, నాలుగు ఏరి, సందు చూసి నీ చెవిలో చెప్పేవాడు" అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ సాయంత్రమే మామయ్యను ఆటో ఎక్కించి తీసుకొచ్చారు.

పాడే గది పక్కనే బట్టలు ఇస్త్రీ చేసుకునే చిన్న గది. అందులో ఒక బల్ల, తెర, మైకు, రెండు బటన్లు. నల్లది నొక్కితే ఆయన మాట మేనకోడలి చెవికి మాత్రమే వెళుతుంది. తెల్లది నొక్కితే అక్కడున్న బొమ్మలందరికీ వినిపిస్తుంది. తెల్లదాన్ని మామయ్య వేడి పెనాన్ని చూసినట్టు చూశాడు.

"అది నాకెందుకు నాయనా? తీసెయ్."

"ఉండనీండి మామయ్యగారూ, మిమ్మల్నేం కరవదు."

మొదటి కచేరీలో ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, వచ్చినదల్లా చదివేశాడు. "టీ కెటిల్ అడ్డంగా ఉంది, జరగమనండి" అని ఎవరో రాస్తే అదీ అదే గొంతుతో అందించాడు. పాటలో మునిగి ఉన్న మేనకోడలు, పాట ముగించి అదే రాగంలో "టీ కెటిల్‌గారూ, కాస్త జరుగుతారా" అని అడిగేసింది. కెటిల్ జరిగింది. చెరువంతా చప్పట్లు. నాలుగు కచేరీలు తిరిగేసరికి మామయ్యకు చెయ్యి తిరిగింది. చరణానికీ చరణానికీ మధ్య, వాయిద్యం మోగే సందులో, ఒక్క వాక్యం. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, చరణం ముందు చిన్న ఊపిరి. ఆమె దాన్ని అందుకుని ఎత్తుకునేది.

రోజూ వచ్చే బొమ్మల్లో ఒక గుడ్లగూబ ఉండేది. పాటలన్నీ అయ్యాక అది ప్రతిసారీ ఒకే మాట రాసేది: "గొంతు బాగుంది. నీళ్లు తాగు." అది గాయని తల్లి, మామయ్యకు అక్క. రెండు వీధుల అవతల తన ఇంట్లో, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కేది. మామయ్య ఆ మాటను అందిస్తుంటే గొంతులో అక్క గొంతే పలికేది.

వానలు మొదలయ్యాక అక్క పోయింది.

మేనకోడలు పాడటం మానేసింది. హెడ్‌సెట్ మీద దుమ్ము పేరుకుంది. తీగల అల్లుడు ఏం చెప్పినా గోడకు చెప్పినట్టే. అత్తయ్య రోజూ వెళ్లి తల దువ్వి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పి వచ్చేది. మామయ్య కూడా వెళ్లేవాడు. కూర్చునేవాడు. ఓదార్చడానికి ఊపిరి తీసేవాడు, మాట వచ్చేది కాదు.

"ఒక్క మంచి మాట చెప్పలేరా ఆ పిల్లకి?" అంది అత్తయ్య దారిలో.

"ఏం చెప్పాలో చెప్పు, చెబుతాను."

"రాసివ్వమంటారా?" అందావిడ విసుగ్గా. ఆయన నిజంగానే జేబులో పెన్ను వెతుక్కున్నాడు. అత్తయ్య మరి తిట్టలేదు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

చివరికి మేనకోడలే ఒకరోజు అంది. "అమ్మకి ఇష్టమైన పాట ఉంది కదా మామయ్యా, అది ఒక్కసారి పాడి చూస్తాను. అక్కడ నిలబడితే ఎవరూ లేనట్టే ఉంటే మాత్రం ఇక ఇంతే. ఈ గది ఖాళీ చేసేస్తాం." మామయ్య తల ఊపాడు.

ఆ సాయంత్రం చెరువు ఒడ్డు నిండిపోయింది. నక్క వచ్చింది, గొడుగు వచ్చింది, కెటిల్ వచ్చి ఎవరూ చెప్పకముందే ఓ పక్కకు నిలబడింది. మెసేజ్‌లు చకచకా వస్తున్నాయి. మామయ్య ఒకటి ఏరి అందించాడు. పల్లవి బాగానే సాగింది. మొదటి చరణం అవుతుండగా తెర మీద రాతలు ఆగిపోయాయి. ఒడ్డున బొమ్మలన్నీ ఉన్నవి ఉన్నట్టు బిగుసుకుపోయాయి. పైకెత్తిన చెయ్యి పైనే, వంచిన తల వంగే ఉండిపోయింది. మణికట్టు పట్టీ మూగబోయింది.

తీగల అల్లుడు బల్ల కింద దూరాడు. "మామయ్యగారూ, మనకి వచ్చేది తెగిపోయింది. మన మాట అటు వెళ్తోందో లేదో తెలీట్లేదు."

పక్కగదిలో పాట ఆగింది. వాయిద్యం మాత్రం దాని దారిన అది మోగుతోంది. మేనకోడలి గొంతు సన్నగా వినిపించింది. "మామయ్యా. ఎవరైనా ఉన్నారా?"

మామయ్య తెర వైపు చూశాడు. ఖాళీ. ఆయనకు తెలిసిన మాట ఒకటుంది. గొంతు బాగుంది, నీళ్లు తాగు. అక్క రాసినట్టే అందిస్తే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తెర మీద ఆ మాట లేదు. దాన్ని రాసే చెయ్యీ లేదు. లేని మాటను ఉందని ఆ పిల్ల చెవిలో వేయడం ఆయనకు చేతకాలేదు.

"మామయ్యా?"

ఏ బటన్ పనిచేస్తోందో తెలియక నల్లదీ తెల్లదీ కలిపి నొక్కాడు.

"ఇక్కడేమీ రాసి లేదమ్మా" అన్నాడు. "లైన్ పోయిందంటున్నాడు మీ ఆయన. ఎవరున్నారో నాకూ తెలీదు. నేనున్నాను. నేను వింటున్నాను. మీ అమ్మ లేదు కాబట్టి... నాక్కూడా ఆ పాట వినాలనుంది. ఎలాగోలా పాడు తల్లీ."

వాయిద్యం రెండో చరణం దగ్గరికి వస్తోంది. ఎప్పటిలాగే ముక్కుతో చిన్న ఊపిరి తీశాడు. ఏడుపు కలిసిన ఊపిరి, కాస్త గరగరమంది.

పక్కగదిలో మేనకోడలు ఆ ఊపిరినందుకుని ఎత్తుకుంది.

గొంతు ఒకచోట జీరబోయింది, ఒకచోట ఆగింది. ఆగినచోట మామయ్య మళ్లీ ఊపిరి తీశాడు. రాతి బొమ్మల ముందు ఆమె బొమ్మ చివరి చరణందాకా పాడింది. తీగల అల్లుడు బల్ల కిందే వైరు పట్టుకుని కదలకుండా కూర్చుండిపోయాడు.

పాట అయిపోయిన కాసేపటికి తెర ఒక్కసారి కదిలింది. ఆగిపోయిన మెసేజ్‌లన్నీ గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి. వాళ్లెవరూ ఎక్కడికీ పోలేదు. పాటంతా విన్నారు. పాటతోబాటు మామయ్యనూ విన్నారు.

ఆ సంగతి తెలిసి ఆయన మొహం పాలిపోయింది. "మొదటి వరుసకి వినపడిందా నా గొంతు?"

"చివరి వరుసక్కూడా వినపడింది మామయ్యగారూ" అన్నాడు అల్లుడు కళ్లు తుడుచుకుంటూ.

"మామయ్యా, ఏం రాశారు?" అని అడిగింది చెవిలో మేనకోడలు.

మామయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. రాసిన మాట అందించాలి, అది పని. అన్నిటికంటే పైనున్నది, కెటిల్ రాసినది, ఉన్నదున్నట్టు చదివాడు. "మేమూ ఉన్నాం. ఆ గుసగుసలాడే పెద్దాయనకి ఎవరైనా కాసిని మంచినీళ్లివ్వండి. గొంతు ఎండిపోయినట్టుంది."

చదివాక ఇంకేం చదవలేకపోయాడు. హెడ్‌సెట్ నుదుటి మీదికి తోసుకుని, తడి కళ్లతో మేనకోడలే ఆ ఇస్త్రీ గదిలోకి గ్లాసు పట్టుకొచ్చింది. ఆయన సగం తాగి, సగం ఆమెకిచ్చాడు.

గది ఖాళీ చేయలేదు. ఇంకా చాలా కచేరీలు జరిగాయి. మామయ్య మాత్రం తెల్ల బటన్ మీద అగ్గిపెట్టె బోర్లించి ఉంచేవాడు.

మామయ్య పోయాక, ఇప్పుడు ఆ కుర్చీలో అత్తయ్య కూర్చుంటోంది. నేను కూర్చుంటానని ఆవిడే అంది. వచ్చినది చదివి ఊరుకోదు, "వీడెవడో బాగా రాశాడే, కానీ నీ అంత బాగా పాడగలడా" అని తన ముక్క కూడా చేరుస్తుంది. మేనకోడలికి పాట మధ్యలో నవ్వొచ్చేస్తుంది. చరణం ముందు మాత్రం అత్తయ్య మాట ఆపుతుంది. నల్ల బటన్ నొక్కి, మైకు దగ్గరికి వంగి, ముక్కుతో చిన్న ఊపిరి తీస్తుంది. ఆవిడకు సరిగ్గా రాదు, జలుబు చేసినట్టుంటుంది. మేనకోడలు దాన్నే అందుకుని పాడుతుంది.